ఇంజను నూనె: పేరు చూడాలా, అంకె చూడాలా?

ఎవరైనా ముఖం చిట్లిస్తే “ఆముదం తాగినట్టున్నాడు” అంటాం. ఆ ఆముదాన్నే ఒకప్పుడు విమానాలూ, పందెపు కార్లూ ఇష్టంగా తాగేవంటే నమ్ముతారా? మొదటి ప్రపంచ యుద్ధం (1914–18) నాటి యుద్ధ విమానాల్లో చాలావాటికి ఇంజను కందెన ఆముదమే! అది వేడికి ఓర్చుకుంటుంది. పెట్రోలులో సులభంగా కలిసిపోదు. కాని ఒక చిక్కుంది. వాడగా వాడగా జిగురులా గట్టిపడి ఇంజను భాగాలకు అంటుకుపోతుంది. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్నట్టు, అంతకన్నా మంచిది దొరికేదాకా దానికి ఆ గౌరవం దక్కింది.

ఈనాడు వేగంగా పోయే కార్ల విషయంలో ఆ గౌరవం సింథటిక్ నూనెది. “డబ్బా మీద సింథటిక్ అని ఉందా? ఖరీదెక్కువా? చిక్కగా ఉందా? అయితే మంచిదే!” అనుకునేవారు మన చుట్టూ చాలామంది ఉన్నారు. నూనెను ఎంచుకోవడానికి ఈ మూడు ప్రశ్నలూ చాలవని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

అసలు ఇంజనులో నూనె చేసే పనేమిటి? తిరిగే లోహపు భాగాలు ఒకదానినొకటి రాసుకోకుండా మధ్యన పలుచని పొరలా నిలవాలి. వేడిని మోసుకుపోవాలి. మసిని తనలో పట్టి ఉంచాలి. వేగపు కార్లలో ఈ పని మరీ కష్టం. వాటిలో చాలావాటికి టర్బో అనే చిన్న చక్రం ఉంటుంది. ఇంజను వదిలే పొగ వేగంతోనే అది తిరుగుతుంది, నిమిషానికి లక్ష చుట్లకు పైగా! దాని ఇరుసు తేలేది నూనె పొర మీదనే. వేగంగా నడిపి కారును ఠక్కున ఆపేస్తే, ఆ వేడిలో చిక్కుకున్న నూనె మాడి బొగ్గు పెచ్చు కడుతుంది. అది పేరుకుంటే నూనె దారి మూసుకుపోయి, ఇరుసు అరిగిపోతుంది.

ముడిచమురు నుంచి తీసిన మామూలు నూనెలో చిన్నవీ పెద్దవీ అణువులు కలగలిసి ఉంటాయి, బియ్యంలో నూకలు కలిసినట్టు. బాగా వేడెక్కితే చిన్న అణువులు ఆవిరైపోతాయి. మైనం జాతివి చలికి గడ్డకడతాయి. అందుకే రసాయన శాస్త్రజ్ఞులు ఇంచుమించు ఒకే తీరు అణువులను పనిగట్టుకుని తయారుచేశారు. పాలీ ఆల్ఫా ఓలిఫిన్ అనేది అలాంటిదే. అది వేడికి తొందరగా చెడదు, చలికి తొందరగా బిగుసుకుపోదు. కాబట్టి వేగపు కారుకు సింథటిక్ నూనె దండగ అని నేననను.

మరి పేరును ఎందుకు నమ్మకూడదు? ముడిచమురు నూనెనే హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసి దాని అణువుల తీరు మార్చవచ్చు. అలా చేసినదాన్ని కూడా సింథటిక్ అని అమ్ముకోవచ్చని 1999లో అమెరికాలో ప్రకటనల తగాదాలు విచారించే సంస్థ ఒకటి తేల్చింది. అది చెడ్డ నూనె అని కాదు. ఒకే పేరు కింద వేరువేరు నూనెలు ఉంటాయన్నదే ఇక్కడి సంగతి.

పేరు చెప్పలేనిది అంకె చెబుతుంది. డబ్బా మీద 5డబ్ల్యు-30 అని ఉందనుకోండి. డబ్ల్యు అంటే శీతాకాలం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే, చలిలో నూనె అంత సులువుగా పారుతుంది. రెండో అంకె 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద చిక్కదనాన్ని సూచిస్తుంది. ఆ వేడిలో 60 అంకె నూనె, 20 అంకె నూనెకన్నా రెండు రెట్లకు పైగా చిక్కన.

ఇప్పుడు మూడు వేగపు కార్లను చూడండి. 2005లో వచ్చిన పది సిలిండర్ల బి.ఎం.డబ్ల్యు. ఎం5కు దాని తయారీదారు చెప్పింది 10డబ్ల్యు-60. 2007 నాటి నిస్సాన్ జి.టి.-ఆర్‌కు 0డబ్ల్యు-40. 2012లో వచ్చిన టయోటా 86కు 0డబ్ల్యు-20. మూడూ వేగం కోసం పుట్టినవే, మూడింటికీ మూడు నూనెలు! బేరింగుల మధ్య సందు, పంపు బలం, భాగాల మీద పడే ఒత్తిడి ఇంజను ఇంజనుకూ మారుతాయి. ఒకదానికి అమృతమైనది మరొకదానికి కాకపోవచ్చు.

“మనది ఎండల దేశం, చిక్కటి నూనే మేలు” అని కొందరు వాదిస్తారు. ఆలోచించండి. బయట ఎండ 20 డిగ్రీలున్నా 40 ఉన్నా, నడుస్తున్న ఇంజనులో నూనె ఇంచుమించు 100 డిగ్రీల దగ్గర ఉండేట్టు చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది. పైగా మన వేసవి మధ్యాహ్నపు 40 డిగ్రీల వద్ద కూడా 5డబ్ల్యు-30 నూనె, 100 డిగ్రీల వద్ద కన్నా ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది. అంటే ఇంజను స్టార్టు చేసిన మొదటి క్షణాల్లో నూనె ఎలాగూ నెమ్మదిగానే కదులుతుంది. అనవసరంగా ఇంకా చిక్కనిది పోస్తే పైభాగాలకు చేరడం మరింత ఆలస్యమవుతుంది. ఎండలు మండే చోట చిక్కటి నూనె వాడవచ్చని కొందరు తయారీదారులు తామే పుస్తకంలో రాస్తారు. అప్పుడు వాడవలసిందే. కాని ఆ మాట చెప్పవలసింది ఇంజను చేసినవారు, నూనె అమ్మేవారు కాదు.

కాబట్టి ఎవరైనా కారులో నూనె మార్పిస్తుంటే మీరొక పని చేయండి. కారుతో ఇచ్చిన పుస్తకం తెరిచి, అందులోని అంకెనూ, తయారీదారు కోరిన ప్రమాణాన్నీ డబ్బా మీదివాటితో పోల్చి చూడండి. రెండూ కలిస్తే సరే. కలవకపోతే ఎంత ఖరీదైనదైనా వద్దని చెప్పండి. “ఇది మంచి నూనేనా?” అని కాదు, “ఇది ఈ ఇంజనుకు తగిన నూనేనా?” అని అడగడమే శాస్త్రీయ దృష్టి.