పొరుగింటి గుంట

ఐర్లండు కథ చెప్పగానే ముదిగుబ్బ బస్టాండులో వేరుశనగ రైతొకాయన నన్ను నిలదీశాడు: "ఒకరి గడ్డమీది చెత్తకు ఇంకొకరికి నొప్పెందుకు అయివారూ?"

కథ యిది. బ్రిటను పడమటి తీరాన సెలాఫీల్డు అణుకేంద్రం వుంది. 1957లో నిప్పంటుకొన్నప్పుడు దాని పేరు విండ్‌స్కేలు. ఆవలి ఒడ్డు ఐర్లండు. అక్కడి కొత్త అణు ఇంధన కర్మాగారం తమ సముద్రానికి ముప్పని ఐర్లండు ప్రభుత్వం 2001లో వ్యాజ్యం వేసింది. ఉభయులూ సంప్రదించుకోండన్నది సముద్ర న్యాయస్థానం. 2006లో ఐరోపా న్యాయస్థానమేమో, తన గడప దాటి బయటికి వెళ్ళడం ఐర్లండు తప్పన్నది!

రైతు నవ్వాడు. నేను తూర్పుకు చేయి చూపాను. పక్క కడప జిల్లాలో తుమ్మలపల్లె యురేనియం గని 2012లో ఆరంభమైంది. టన్ను రాతికి అరకిలో లోహమైనా దక్కదు; తక్కిందంతా బురదై చెరువు కడుతుంది. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ చెరువు విషయమై సంజాయిషీ అడిగింది. బోర్లు చెడిపోయాయని చుట్టుపక్కల రైతులంటారు. కాదని సంస్థ అంటుంది.

ఆ బురదలో మిగిలే రేడియం సగం తరగడానికి 1600 ఏళ్ళు. విజయనగరం పుట్టి ఏడువందల ఏళ్ళయినా కాలేదు!

రైతు నవ్వు మానేశాడు. "మా పక్క బోరు వేస్తే నీళ్ళు పడినాయా అని అడుగుతాము. అక్కడోళ్ళు ఎట్లాంటి నీళ్ళు పడినాయని కూడా అడగాలన్నమాట" అన్నాడు.

ఐర్లండు అడిగినదీ అంతేకదా! నీళ్ళకు సరిహద్దు తెలియదు. తెలిసినవాళ్ళం మనమే అడగాలి.