పిట్టగోడ – ఉత్తరవాది

2025 నవంబరు 1, శనివారం, కార్తీక ఏకాదశి. పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో వేంకటేశ్వరస్వామి గుడికి వేలాదిగా జనం వచ్చారు. మెట్ల దారిలో రెయిలింగు ఒరిగింది. ఒకరి మీద ఒకరు పడ్డారు. తొమ్మిది ప్రాణాలు పోయాయి. వారిలో ఎక్కువ మంది స్త్రీలు. ఉద్దానంలో గుడికి వెళ్లేవారు, చర్చికి వెళ్లేవారు వేర్వేరు లోకాల్లో బతకరు. జీడిపప్పు కార్ఖానాల్లో పక్కపక్కనే కూర్చుని పనిచేస్తారు, ఒకే ఆటోలో ఇళ్లకు చేరుతారు. అందుకే ఆ వారమంతా మన సంఘాల్లోనూ కన్నీటి ప్రార్థనలే.

ఆ గుడిని సొంత ఖర్చుతో కట్టించిన తొంభై ఏళ్లు దాటిన పెద్దాయన మీద, హత్య కిందికి రాని నరహత్య సెక్షన్ కింద పోలీసులు కేసు పెట్టారని పత్రికల్లో చదివాము. ఆ వెంటనే రెండు మాటలు వినిపించాయి. ‘అలాంటివారి తరఫున ఏ లాయరూ నిలబడకూడదు’ అన్నది మొదటిది. ‘అంతా దైవఘటన, ఎవరినీ ఏమీ అనకూడదు’ అన్నది రెండోది. ఆ కేసులో తీర్పు చెప్పడం మన పని కాదు. అది న్యాయస్థానం పని. కానీ ఈ రెండు మాటలనూ బైబిలు ఒప్పుకోదని మాత్రం చెప్పగలము.

మనిషి చనిపోయిన ప్రతిసారీ నేరం ఒకటే కాదు. అడవిలో కట్టెలు కొడుతుంటే గొడ్డలి పిడి నుంచి ఊడి పొరుగువాడికి తగిలి వాడు చనిపోతే అది ఒక సంగతి (ద్వితీ. 19:5). పొడిచే ఎద్దు అని ముందే హెచ్చరించినా యజమాని దాన్ని కట్టకపోతే, అది మనిషిని చంపితే అది ఇంకో సంగతి (నిర్గమ. 21:29). పగబట్టి పొంచి ఉండి చంపితే అది మూడో సంగతి. మన చట్టంలోనూ ఈ తేడా ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ప్రాణం పోవచ్చని తెలిసీ చేసిన పనికి 105వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు. నిర్లక్ష్యం వల్ల మరణం జరిగితే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు. ‘తెలిసి చేశాడా, తెలుసుకోవలసింది తెలుసుకోలేదా’ అన్న ఒక్క ప్రశ్న మీద మనిషి జీవితం ఆధారపడుతుంది. ఆ ప్రశ్నను కోపంతో ఉన్న గుంపు అడగలేదు. సాక్ష్యాలు చూసి, ఇరుపక్షాలూ విని అడగాలి.

అందుకే దేవుడు ఇశ్రాయేలులో ఆరు ఆశ్రయపురాలు ఏర్పాటు చేయించాడు. పొరపాటున చంపినవాడు సమాజం ఎదుట తీర్పుకు నిలబడేదాకా చావకూడదన్నది ఆ ఏర్పాటు (సంఖ్యా. 35:12). యేసును పట్టుకోవాలని పెద్దలు తొందరపడుతున్నప్పుడు, మనిషి మాట వినకుండా మన ధర్మశాస్త్రం తీర్పు తీరుస్తుందా అని అడిగినవాడు నీకొదేము ఒక్కడే (యోహాను 7:51). మన రాజ్యాంగం 22వ అధికరణంలో అరెస్టయిన మనిషికి తన లాయరును పెట్టుకునే హక్కు ఉంది. బీదవారికి ఉచిత న్యాయ సహాయం 39ఎ అధికరణం చెబుతుంది. ఫలానా నిందితుని తరఫున వాదించబోమని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేయడం చెల్లదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. రేపు మన ఆటో తోలే తమ్ముడో, బోటు నడిపే అన్నో ఇలాంటి కేసులో ఇరుక్కుంటే మనమూ ఆ లాయరు కోసమే వెతుకుతాము.

అయితే రెండో మాట సంగతి కూడా చూడాలి. పొరపాటున చంపినవాడు కూడా తీర్పు కాగానే నేరుగా ఇంటికి పోలేదు. ప్రధాన యాజకుడు మరణించేదాకా ఆ పురంలోనే ఉండాలి (సంఖ్యా. 35:25). పొరపాటైనా పోయింది ప్రాణమే, దానికి లెక్క ఉంది. వాదన లెక్క తప్పించే దారి అయితే ఏమవుతుందో 1984 భోపాల్ మనకు చూపింది. అక్కడ వేలమంది చనిపోయారు. 1996లో అభియోగం నిర్లక్ష్యపు మరణం స్థాయికి తగ్గింది. 2010లో పడిన శిక్ష రెండేళ్లు. నిందితునికి లాయరు ఉండాల్సిందే. కానీ చనిపోయినవారి తరఫున కూడా గట్టిగా అడిగేవారు ఉండాలి. ఆ ఇళ్లలో పిల్లలకు లాయరు ఫీజు కట్టే శక్తి ఉండదు.

ఇక మన సంగతి. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించమని, లేకపోతే ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ దోషం ఇంటిమీదికి వస్తుందని మోషే ధర్మశాస్త్రం చెప్పింది (ద్వితీ. 22:8). ఎవరూ పడకముందే చెప్పిన ఆజ్ఞ ఇది. కాశీబుగ్గ రెయిలింగు వార్త చదువుతుంటే ఈ వచనం మమ్మల్ని కలవరపెట్టింది. మా మందిరంలో ఒక క్రిస్మస్ రాత్రి, చెప్పులు పోతున్నాయని పక్క గేటుకు తాళం వేయించాము. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో మాకే తెలియదు. ఆ రాత్రి ఏమీ జరగలేదు. ‘దేవుడు కాపాడాడు’ అని సాక్ష్యం చెప్పుకున్నాము. కానీ జరిగి ఉంటే, ఈ రోజు బోనులో నిలబడేది మేమే. ‘మాకు ఆ ఉద్దేశం లేదు’ అనే మాటే మా లాయరు చెప్పేవాడు. అది నిజమే, అయినా తాళం వేయించింది మేమే.

ప్రియులారా, యోహాను పత్రికలో క్రీస్తుకు ‘ఉత్తరవాది’ అని పేరు (1 యోహాను 2:1). అంటే మన పక్షాన నిలబడి మాట్లాడేవాడు. ఆయన మనం పాపం చేయలేదని వాదించడు. నేరం ఒప్పుకున్నవారి పక్షానే నిలబడతాడు, వెల తానే చెల్లించాడు కనుక. అలాంటి ఉత్తరవాది ఉన్న మనం, మరొకరికి ఉత్తరవాది ఉండకూడదని ఎలా అంటాము? ఆ ధైర్యంతోనే మన తప్పు మనం దాచకుండా ఎందుకు ఒప్పుకోము?

పలాసలో, టెక్కలిలో, తీరం వెంబడి పల్లెల్లో ఉన్న సంఘ పెద్దలారా! ఈసారి పండుగ కమిటీ కూర్చున్నప్పుడు అలంకరణ లెక్కకు ముందు తలుపుల లెక్క వేయండి. బాల్కనీ ఎంతమందిని మోస్తుందో ఇంజినీరును అడగండి. సభకు ఎందరు వస్తారో పోలీసులకు ముందే రాసివ్వండి. పిట్టగోడ కట్టడం కూడా ఆరాధనే.