దూరవిద్యయందు వాక్శిక్షణము

వ్రాతను దూరమునుండి నేర్పవచ్చుననుటలో సందేహము లేదు. వ్రాయువాడొక చోటను, చదువువాడు వేరొక చోటను ఉండుట వ్రాతకు సహజము. మాట అట్టిది కాదు. మాటాడువాడు వినువాని ముఖము చూచుచు తన మాటను క్షణక్షణమును సవరించుకొనుచుండును. కావున నలుగురియెదుట మాటాడుట, వినుట, బదులు చెప్పుట అను విద్యను దూరవిద్యా పద్ధతిలో నేర్ప బూనినప్పుడు తక్కిన పాఠ్యవిషయములకు లేని చిక్కొకటి యెదురగును. పాఠమును పంపవచ్చును, ప్రశ్నపత్రమును పంపవచ్చును. శ్రోతను పంపుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము చూపని పాఠ్యక్రమము ప్రసంగమును గూర్చి బోధింపగలదు గాని ప్రసంగించుట నేర్పజాలదు.

ఈ విద్య ప్రత్యేక పాఠ్యవిషయముగా స్థిరపడినది ముఖ్యముగా అమెరికాలో. 1914లో 17 మంది అధ్యాపకులు ఆంగ్లోపాధ్యాయుల సంఘమునుండి వేరుపడి, ప్రసంగవిద్యను బోధించువారికి వేరొక సంఘమును స్థాపించుకొనిరి. అక్కడి కళాశాలలు పెక్కింట నేడు దీనిని ఇంటినుండియే చదువుకొను ఏర్పాటును గలదు. భారతదేశమున దూరవిద్య 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయపు కరస్పాండెన్సు కోర్సులతో ఆరంభమైనది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆ త్రోవ త్రొక్కినది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున మొట్టమొదటిదిగా వెలసి, 1991లో డాక్టర్ అంబేద్కర్ పేరు దాల్చినది. 2015లో యు.జి.సి. ప్రతిపాదించిన క్రెడిట్ విధానము ఆంగ్లమునందు గాని, ఆధునిక భారతీయ భాషయందు గాని భావవ్యక్తీకరణ పాఠ్యాంశమును డిగ్రీ విద్యార్థులకు నిర్దేశించినది. 2020లో మహమ్మారి తరగతి గదులను మూయించినప్పుడు కొంతకాలము చదువంతయు దూరవిద్యయే అయినది. ఆ కాలమున ఆపద్ధర్మముగా అంగీకరింపబడిన పద్ధతులు నేడు సాధారణ ధర్మముగా నిలుచు సూచనలు కనబడుచున్నవి. కనుకనే వీనిని పరిశీలింప వలసియున్నది.

ఈ పద్ధతి వలని మేలును తక్కువ చేయరాదు. ఉద్యోగమును విడువలేనివారికి, ఇల్లు కదలలేని స్త్రీలకు, కళాశాల దూరమైన పల్లెవాసులకు ఇది తెరచిన తలుపు. తన యాస విని తోటివారు నవ్వుదురేమోనను జంకుతో తరగతిలో నోరు మెదపని విద్యార్థి యింట ఒంటరిగా పదిమారులు సాధన చేయగలడు. ధ్వనిముద్రణము మరియొక గొప్ప సాధనము. మాటాడునప్పుడు తన కంఠధ్వని కొంత గాలిద్వారమునను, కొంత కపాలాస్థులద్వారమునను చెవి జేరును. ముద్రణమునందు గాలిద్వారమున వచ్చినది మాత్రమే వినబడును. కావున తన కంఠము తనకే క్రొత్తగా తోచును. ఇతరులు తనను ఎట్లు వినుచున్నారో తెలిసికొనుటకు ఇంతకన్న చౌకయైన ఉపాయము లేదు. విషయక్రమము, ఉచ్చారణము, విరామము, కాలనియమము మున్నగువానిని దూరమునుండి చక్కగనే నేర్పవచ్చును.

దూరవిద్యకు ఏకలవ్యుని కథ తరచుగా దృష్టాంతముగా చెప్పబడును. గురుప్రతిమను ఎదుట నిలుపుకొని అతడు విలువిద్యను సాధించెను. అయితే విలువిద్యయందు గురువు లేకున్నను గురి యున్నది. బాణము తగిలినదో తప్పినదో లక్ష్యమే చెప్పును. ప్రసంగమునకు లక్ష్యము శ్రోత. శ్రోతయే లేనిచోట మాట తగిలినదో లేదో చెప్పువారు లేరు. వాక్శిక్షణము నందలి ఏకలవ్యుడు గురువును మాత్రమే గాక గురిని గూడ పోగొట్టుకొనుచున్నాడు.

తెలుగు దేశపు మౌఖిక విద్యలు ఈ విషయమును బాగుగ నెరిగినవి. వేదపాఠమునందు సంథ యనగా గురువు చెప్పగా శిష్యుడు వల్లించుట. ఆ వల్లించినదానిని గురువు విని దిద్దుట. అవధానమునందు పృచ్ఛకులు లేనిదే అవధాని లేడు. అందును అప్రస్తుత ప్రసంగము చేయువానిని ప్రత్యేకముగా నియమించుకొనుట గమనింపదగినది. సభలో అడ్డుమాట రాక తప్పదనియు, దానికి చెదరక బదులు చెప్పుటయే వాక్పటుత్వమునకు పరీక్ష యనియు ఆ ఏర్పాటునందలి భావము.

ఆధునిక పరిశోధనయు ఈ తలపునే బలపరచుచున్నది. 2009లో ప్రకటింపబడిన ఒక అధ్యయనము పది భాషల సంభాషణలను పరిశీలించి, ఒకరి మాటకును మరియొకరి బదులునకును నడుమ వ్యవధి సగటున ఒక సెకనులో అయిదవవంతు మాత్రమేనని తేల్చినది. ఆ పదింటిలో భారతీయ భాష యొక్కటియు లేదు. తెలుగు సంభాషణను ఇట్లు కొలుచుట భాషాశాఖలు చేపట్టదగిన పని. దూరవాణీ సంభాషణయందు ధ్వని యొకవైపు ప్రయాణించుటకు పట్టు ఆలస్యము 150 మిల్లీసెకనులకు మించకుండుట మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము సూచించినది. అంతర్జాలపు తరగతిలో ఆలస్యము ఇంతకు మించినప్పుడు ఇరువురును ఒక్కమారే మాటాడుదురు, ఇరువురును ఒక్కమారే ఆగుదురు. మరియు పాతతరహా టెలిఫోను సుమారు 300 మొదలు 3,400 హెర్ట్‌జుల వరకు గల ధ్వనులనే చేరవేయును. శ ష స ల భేదమును తెలుపు ధ్వనిలో చాలభాగము ఆ హద్దునకు పైనుండుటచే అట్టి సాధనముద్వారా విని ఉచ్చారణను దిద్దబూనుట సాహసము.

పరీక్షావిధానమునందలి లోపము ఇంతకన్న పెద్దది. నాలుగు సమాధానములిచ్చి ఒకదానిని గుర్తింపుమను ప్రశ్నలతో ప్రసంగశక్తిని కొలుచుట, ఈత వచ్చునో రాదో కాగితముపై అడుగుటతో సమానము. ప్రసంగమును చిత్రించి పంపుమన్నచోట మరియొక చిక్కు గలదు. విద్యార్థి తెరపై వ్రాతను పెట్టుకొని చదువును; తప్పినచోట తుడిచి మరల చిత్రించును. అధమపాఠకులను ఆరు విధములుగా లెక్కించిన పాణినీయ శిక్ష వ్రాసినది చూచి చదువువానిని అందు చేర్చినది. తుడిచి దిద్దిన ప్రసంగము వ్రాతకే చేరును గాని మాటకు చేరదు.

నేడు ఉద్యోగములకై జరుపు ప్రశ్నోత్తరములు, కార్యాలయ సమావేశములు తెరమీదనే జరుగుచున్నవి గదా, శిక్షణము గూడ తెరమీదనే జరిగిన తప్పేమని కొందరనవచ్చును. ఇందు కొంత నిజము గలదు. తెరయెదుట మాటాడుటను ప్రత్యేక పాఠముగా నేర్పవలసినదే. కాని పౌరజీవితమంతయు తెరమీదికి పోలేదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణము గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించి, పంచాయతీ స్థానములలో మూడవవంతునకు తక్కువ కాకుండ స్త్రీలకు కేటాయించినది. అట్లు ఎన్నికైన స్త్రీ తన వార్డునకు నీటికొళాయి కావలెనని నలుగురిలో లేచి నిలిచి అడుగవలెను. అడ్డువచ్చిన పెద్దకు బదులు చెప్పవలెను. దూరవిద్య యెవరికొరకు పుట్టినదో వారిలో ఆమె మొదటిది. ఆమెచేతికి మాట యియ్యక యోగ్యతాపత్రము మాత్రమిచ్చి పంపుట ఆమెకు చేయు అన్యాయము.

కర్తవ్యము దుస్సాధ్యమేమియు గాదు. కొన్ని అమెరికా కళాశాలలు, విద్యార్థి పంపు చిత్రమునందు నియమిత సంఖ్యలో వయోజనులైన శ్రోతలు కనబడవలెనని షరతు పెట్టుచున్నవి. ఇక్కడ గ్రంథాలయమునందో, పాఠశాలయందో, స్వయం సహాయక సంఘపు సమావేశమునందో అయిదారుగురు శ్రోతలను కూర్చుకొనుట తెలుగు పల్లెలలో కష్టము కాదు. ప్రసంగమును ఎడతెగకుండ చిత్రింపవలెను. శ్రోతలలో ఒకరు అవధానసభలోవలె అడ్డుప్రశ్న వేయవలెను. ఆ ప్రశ్నయు, బదులును గూడ మూల్యాంకనమున చేరవలెను. కడపటి ప్రసంగము మాత్రము అధ్యయన కేంద్రమునందు పరీక్షకుని యెదుట, తోటి విద్యార్థుల నడుమ జరుగవలెను. మూల్యాంకనమునందు స్పష్టతను చూడవలెను గాని జిల్లా యాసను తప్పుగా నెంచరాదు. విద్యార్థి కోరినచో తెలుగుననే మాటాడు స్వేచ్ఛ యుండవలెను.

ఇందులకు వ్యయమగును. నూరుగురు విద్యార్థులు ఒక్కొక్కరు అయిదు నిమిషముల ప్రసంగములు మూడేసి చేసినచో అధ్యాపకుడు 1,500 నిమిషములు, అనగా 25 గంటలు కేవలము వినుటకే వెచ్చింపవలెను. వ్రాతపరీక్షను యంత్రము క్షణములో దిద్దును. సంస్థలు ఆ మార్గమునకు మ్రొగ్గుటకు ఈ లెక్కయే ముఖ్యకారణమై యుండును. కాని ఆ 25 గంటలే ఈ పాఠ్యక్రమము. వానిని తగ్గించి పాఠములను ఎంత అందముగా ముద్రించినను, ఎంత నేర్పుతో చిత్రించినను ఫలము లేదు. దూరవిద్యాశాఖలు వాక్శిక్షణమును చేపట్టుటకు ముందు వినువారెవరో, వారు వినుటకు ఎన్ని గంటలు కేటాయింపబడినవో పాఠ్యప్రణాళికలోనే ప్రకటించుట న్యాయము.