చింతచెట్టు మీద పాలపుంత

మొన్న అమావాస్యకి సెలవు పెట్టి ఊరెళ్లాను. అనంతపురం జిల్లాలో చిన్న పల్లె మాది. చేను అమ్మేస్తున్నాం. మూడు బోర్లు వేశాం, మూడూ ఎండిపోయాయి, అప్పు మిగిలింది. నా జీతంతో తీర్చేద్దామంటే నాయన ఒప్పుకోలేదు. సరే, రిజిస్ట్రేషన్‌కి ముందు చేను గట్టున ఉన్న చింతచెట్టునీ, పాలపుంతనీ కలిపి ఒక్క ఫొటో అయినా తీసుకోవాలనుకున్నా. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ మీదికెక్కి వెతికినా పది చుక్కలు దొరకవు మరి.

కెమెరా సెకండ్ హ్యాండ్‌ది. లెన్స్ దాంతోపాటు వచ్చిన 18-55. చాలు. డబ్బులుంటే ముందు గట్టి ట్రైపాడ్ కొనండి. భూమి తిరుగుతుంటుంది కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే చుక్కలు గీతలైపోతాయి. దానికో మోటు లెక్క ఉంది: 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. నాది క్రాప్ సెన్సర్, అందుకని 18ని 1.5తో గుణిస్తే 27. అంటే దాదాపు 18 సెకన్లు. నేను 15 దగ్గరే ఆగుతా. ఎఫ్ 3.5, ఐఎస్ఓ 3200, రా ఫైల్. ఆటోఫోకస్‌ని మాత్రం నమ్మొద్దు, చీకట్లో దానికి కళ్లు కనపడవు. స్క్రీన్ మీద ఓ పెద్ద చుక్కని జూమ్ చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా రింగ్ తిప్పండి.

రాత్రి ఒంటిగంటకి దక్షిణాన వృశ్చికం బాగా పైకొచ్చింది. దాని తోక పక్కనే పాలపుంత. ఇరవై షాట్లు తీశాక మళ్లీ షట్టర్ నొక్కానో లేదో, "ఒరే, పాములుంటాయిరా" అంటూ నాయన టార్చి వేసుకుని వచ్చాడు. వెలుగు ఓ క్షణం చెట్టు మీద పడింది. షాట్ పోయిందని చిరాకేసింది. తీరా చూస్తే, ముందు తీసిన వాటన్నిట్లో చెట్టు నల్లటి ముద్ద. ఇందులో కొమ్మ కొమ్మా కనిపిస్తోంది! యూట్యూబ్‌లో దీన్నే లైట్ పెయింటింగ్ అని పాఠాలు చెప్తుంటారు.

నాయనకి చూపించాను.

"మన కంటికి ఇట్ల కనపడలేదే?"

"కన్ను వెలుగుని కూడబెట్టుకోలేదు నాయనా. ఇది 15 సెకన్లు కూడబెడుతుంది."

ఆయన పాలపుంతని పట్టించుకోలేదు. జూమ్ చేయించి, చెట్టు పక్కన నల్లటి మూలని వేలితో చూపించాడు.

"మొదటి బోరు వేసింది ఈడనే కదా, కనపడదేం?"

"అక్కడ వెలుగు పడలేదు."

"అయితే మళ్లీ తియ్యి" అని, టార్చి పట్టుకుని బోరు వైపు నడిచాడు.