మట్టిపళ్లెముల గుఱికి ఏ తుపాకి కొనవలెను?



ఈ నెల నాకు వచ్చిన జాబులలో ఊరగాయలను గూర్చినవి కొన్ని, చంటిబిడ్డల దగ్గును గూర్చినవి కొన్ని, తుపాకిని గూర్చినది ఒక్కటి కలవు. ఆ యొక్కదానికే యీ పుటయంతయు నిచ్చుచున్నాను. ఊరగాయలవారు మన్నింతురు గాక.

జాబు వ్రాసినది పరిగిలోని యొక తల్లి. పదునేడేండ్ల కుమార్తె హైదరాబాదులో చదువుకొనుచున్నది. గచ్చిబౌలిలో కేంద్ర విశ్వవిద్యాలయపు ఆవరణలో, 2002వ సంవత్సరపు జాతీయక్రీడల కొఱకు కట్టిన గుఱి మైదానమునకు స్నేహితురాలితో పోయి, గాలిలో ఎగురు మట్టిపళ్లెములను కొట్టుట చూచి, శిక్షకుని యెదుట తానును ఒక వరుస కొట్టినదట. నాటినుండి వేఱుమాట లేదు. ఇంటిలో తాతగారి జంటనాళపు తుపాకి బీరువాలో నున్నది, అది చాలునని మఱదిగారి వాదము. క్రొత్తది కొనుటకు గాజు లమ్ముదునా యని తల్లి ప్రశ్న.

అమ్మా, గాజుల సంగతి తరువాత చూతము. ముందు ఆ బీరువా సంగతి చూడవలెను. తాతగారు స్వర్గస్థులై, ఆయన లైసెన్సు ఇంటిలో మఱెవ్వరి పేరనైనను మాఱకుండిన యెడల, ఆ తుపాకి మీ యింట నుండుటయే నేరము. 1959వ సంవత్సరపు ఆయుధచట్టము ప్రకారము దానిని దగ్గఱి పోలీసు ఠాణాలోగాని, లైసెన్సు గల తుపాకుల వర్తకుని యొద్దగాని ఆలస్యము లేక అప్పగించి రసీదు పుచ్చుకొనవలెను. తరువాత వారసులలో నొకరు జిల్లా కలెక్టరుగారికి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. మఱదిగారు తుపాకిని తుడిచి నూనె రాయుచున్నారని వ్రాసితిరి. ఆ శ్రద్ధ దరఖాస్తుమీద చూపిన బాగుండెడిది.

అప్పగించినంత మాత్రమున అది ఆటకు పనికివచ్చునా యనిన, నాకు నమ్మకము లేదు. ఈ తల్లి వ్రాసినదానిని బట్టి అది పక్కపక్కల రెండు నాళములు గల పండ్రెండు బోరు వేటతుపాకి. అట్టివి వికారాబాదు, అనంతగిరి ప్రాంతపు దొరల యిండ్లలో ఒకప్పుడు చాలనుండెడివి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి వేట నాపినపిమ్మట గోడలకును బీరువాలకును చేరినవి. వానిలో పాతవానికి తూటా కూర్చుండు గది రెండున్నర అంగుళముల పొడవే, అనగా 65 మిల్లీమీటర్లు. నేటి తూటాలు 70 మిల్లీమీటర్లవి. చూచుటకు లోపల ఇముడును. పేలినప్పుడు మాత్రము మూతి విచ్చుకొనుటకు చోటు చాలక ఒత్తిడి హద్దు మీఱును. ఇనుపతీగెలను పేని సాగగొట్టి చేసిన నాళములు, పైన అలలవంటి చారలు గలవి, మఱింత అపాయకరములు. నాటి నల్లమందు వేఱు, నేటి పొగలేని మందు వేఱు. ఎఱిగిన తుపాకి మిస్త్రీ కొలిచి చూచి సరేయనువఱకు దానిలో తూటా పెట్టరాదు.

ఆటను గూర్చి తెలియని సోదరీమణులకు రెండు మాటలు. ఆ పళ్లెము నిజమునకు మట్టిది కాదు. సున్నపురాతి పొడియు కీలును కలిపి పోసినది. వెడల్పు 110 మిల్లీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు. మన యరచేతిలోని పూరీయంత. ట్రాపు అను ఆటలో నేలలోని యంత్రము దానిని గుఱికారుని యెదుటినుండి దూరముగా, ఏ దిక్కునకో తెలియకుండ, విసరును. ఒక్కొక్క పళ్లెమునకు రెండు తూటాల వఱకు కాల్చవచ్చును. స్కీటు అను ఆటలో ఎత్తైన యింటినుండియు పొట్టి యింటినుండియు పళ్లెములు అడ్డముగా పోవును. ఒక్కొక్కదానికి ఒక్కటే తూటా. ఒక వరుస యనగా 25 పళ్లెములు.

ఇక కొనుటను గూర్చి. దుకాణములో ఆడుపిల్ల కనబడగానే “ఇదిగో, తేలిక తుపాకి” యని చేతికిచ్చు వాడుక కలదు. ఇంతకంటె తప్పుసలహా లేదు. ఒకే తూటాను తేలిక తుపాకిలో కాల్చిన భుజమునకు తగులు దెబ్బ యెక్కువ, బరువుదానిలో తక్కువ. వేటగాడు దినమంతయు మోసి నాలుగు తూటాలు కాల్చును గనుక అతనికి తేలికది కావలెను. మన పిల్ల నిలిచినచోట నిలిచి నూరు తూటాలు కాల్చును. మూడున్నర కిలోల ప్రాంతపు బరువు ఆమెకు శత్రువు కాదు. మోయలేదని భయపడువారు నీళ్లబిందె మోసిన చేతులను మఱచిరేమో!

నాళములు ఒకదానిపై నొకటి యుండు తుపాకియే యీ యాటకు మేలు. చూపు నిలుచుటకు ఒక్కటే పట్టె కనబడును. నాళపు మూతి యిఱుకును మార్చుకొను మరబిరడాలు గలది దొరకిన మఱియు మంచిది: దూరపు ట్రాపునకు ఇఱుకు, దగ్గఱి స్కీటునకు వెడల్పు, ఒక్క తుపాకితో రెండాటలును నేర్చుకొనవచ్చును. పొడవు 28 లేక 30 అంగుళములు.

అన్నిటికంటె ముఖ్యమైనది కఱ్ఱమడమ. రవిక యెట్లో తుపాకియు నట్లే. ఒకరి కొలత మఱొకరికి రాదు. పురుషుల కొఱకు చేసిన మడమ మన పిల్లలకు తఱచుగా పొడుగగును. ట్రిగ్గరునుండి మడమ చివఱివఱకు గల పొడవును అర అంగుళమో ముప్పాతికయో తగ్గింపవలసివచ్చును. మెడ పొడుగైన పిల్లకు చెంప ఆను భాగము ఎత్తుగా నుండవలెను. పరీక్ష సులభము. శిక్షకుడు తుపాకిని విఱిచి ఖాళీయని చూపినపిమ్మట, పిల్ల కన్నులు మూసికొని దానిని భుజమున కెత్తి, చెంప నానించి, అప్పుడు కన్నులు తెఱవవలెను. చూపు పట్టెవెంబడి తిన్నగా చివఱిపూసకు పోయెనా, కొలత సరి. పూస కనబడకున్నను, పట్టెయంతయు మిట్టగా కనబడినను, వెల యెంత తక్కువైనను వలదు.

ఇంకొకటి. రెండు కన్నులు తెఱచి, చేయి చాచి, దూరపు గడియారమును వ్రేలితో చూపుమనుడు. తరువాత ఎడమకన్ను మూయుమనుడు. వ్రేలు కదలకున్న కుడికన్ను బలమైనది. ప్రక్కకు జరిగిన ఎడమది. కుడిచేతివాటపు పిల్లకు ఎడమకన్ను బలమైనచో, ఏ భుజమున పెట్టవలెనో శిక్షకునితో తేల్చుకొనక తుపాకి కొనరాదు. మడమ ప్రక్కవంపు కుడికొకటి, ఎడమకొకటి.

వెలను గూర్చి గృహిణి లెక్క వేఱు. తుపాకి ఒక్కసారి కొందుము, తూటాలు వారవారము. వారమునకు మూడు వరుసలనిన 75 పళ్లెములు. ట్రాపులో రెండవ తూటాలతో కలిపి నూటికి తగ్గవు. ఏడాదికి అయిదువేలు. పోటీనియమముల ప్రకారము తూటాలో సీసము 24.5 గ్రాములకు మించరాదు గనుక చిన్నతూటాయే చాలును, భుజమునకును హాయి. అద్దములు, చెవిబిరడాలు, ప్రయాణపు ఖర్చు వేఱుగా వ్రాసికొనుడు. సీసము తాకిన చేతులతో అన్నము తినరాదనియు పిల్లకు చెప్పుడు. గాజులమ్మి తుపాకి తెచ్చి, తూటాలకు డబ్బులేక గోడకు తగిలించిన మఱదిగారి బీరువాకు రెండవది చేరును.

లేని యిండ్ల పిల్లలు ఈ యాటలో పైకి రాలేదా? వచ్చిరి. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మన స్త్రీల ట్రాపు జట్టు వెండిపతకము గెలిచినది. అందులో మనీషా కీర్ భోపాలు జాలరి కుమార్తె. ప్రీతి రజక్ తండ్రిది బట్టల యుదుకు దుకాణము. వారు మధ్యప్రదేశ ప్రభుత్వపు భోపాలు శిక్షణాలయమున తయారైరి. పురుషుల జట్టునకు అప్పుడే బంగారము వచ్చినది. అందొకడైన కైనాన్ చెనాయ్ మన హైదరాబాదువాడే. ఆడుదానికి తగునా యని మఱదిగారడిగిన, 1992లో బార్సిలోనా ఒలింపిక్సున స్త్రీపురుషులు కలిసి ఆడిన స్కీటులో చీనా యువతి జాంగ్ షాన్ పురుషుల నందఱిని గెలిచినదనుడు. మొదటి రెండు వందల పళ్లెములలో ఒక్కటియు తప్పలేదు. తరువాతి ఒలింపిక్సున ఆ యాటలో స్త్రీలకు చోటే లేకుండెను! 2000లో వేఱు పోటీ పెట్టిరి.

కాబట్టి, అమ్మా, నా తీర్పు ఇది. లైసెన్సునకు 21 ఏండ్లు నిండవలెను. అంతకు చిన్నవారు పెద్దల పర్యవేక్షణలో నేర్చుకొనుటకు చట్టము వీలిచ్చినది. మీ పిల్లకు నాలుగేండ్ల వ్యవధి కలదు. ఈలోపల మైదానపు తుపాకితోనో, శిక్షకుని తుపాకితోనో నేర్వనిండు. గాజులలో ఒక జతయైనను అమ్మక, ఆ నెలనెలా డబ్బు తూటాలకు పెట్టుడు. పైమెట్టునకు పోవు గుఱికారులు తమ మొదటి తుపాకు లమ్ముచుందురు. సమయము వచ్చినప్పుడు అట్టిది వెదకుడు. నాళములో సొట్టలు లేవా, మూసినపిమ్మట కీలు కదలకున్నదా, మడమ పిడికట్టున పగులు లేదా యని మిస్త్రీచేత చూపించి, ఇద్దఱి లైసెన్సు కాగితములు సరిచూచి, మఱి బేరమాడుడు.

ఠాణా రసీదు చేతికి రాగానే నాకొక కార్డు వ్రాయుడు. పిల్లకు ఏ కన్ను బలమో కూడ తెలుపుడు.