వైడాల్ పాజిటివ్... అయితే?

వానలు మొదలయ్యాయంటే మన ఊళ్లలో ల్యాబులకు తీరిక ఉండదు. మూడు రోజులు జ్వరం కాస్తే ఆర్‌ఎంపీ చీటీలో ముందుగా కనిపించే పేరు వైడాల్. సాయంత్రానికల్లా రిపోర్టు చేతికొస్తుంది: ‘ఓ 1:80, హెచ్ 1:160’. అంతే, టైఫాయిడ్ ఖాయమైపోతుంది. సెలైన్ ఎక్కుతుంది, యాంటీబయాటిక్ సూదులు మొదలవుతాయి.

ఆ అంకెలు చెప్పేది వేరు. ల్యాబులో పలక మీద సీరం చుక్క వేసి, రంగు కలిపిన టైఫాయిడ్ యాంటిజెన్ చుక్కను దానికి జోడించి, నిమిషం పాటు మెల్లగా తిప్పుతారు. పాలు విరిగినట్టు పలుకులు కడితే యాంటీబాడీలు ఉన్నట్టు. సీరాన్ని 20, 40, 80, 160 రెట్లు పలుచన చేస్తూ పోతే ఎంతవరకు పలుకులు కడతాయో అదే టైటర్. అంకె పెద్దదైతే యాంటీబాడీలు ఎక్కువని అర్థం. ఒంట్లో క్రిములు ఎక్కువని కాదు, అసలు ఉన్నాయని కూడా కాదు!

ఎందుకంటే యాంటీబాడీలు జబ్బుతో పాటే వెళ్లిపోవు. టైఫాయిడ్ తరచుగా వచ్చే మనలాంటి చోట్ల, నిక్షేపంగా తిరిగేవాళ్ల రక్తంలోనూ 1:80 కనిపించవచ్చు. సాల్మొనెల్లా జాతిలోని వేరే క్రిములు సోకినా, ఒక్కోసారి మలేరియాలోనూ పాజిటివ్ వస్తుంది. మరోవైపు నిజంగా టైఫాయిడ్ ఉన్న మనిషికి తొలి వారంలో నెగటివ్ రావచ్చు, యాంటీబాడీలు తయారవడానికి ఆమాత్రం వ్యవధి కావాలి కదా. అందుకే వారం, పది రోజుల తేడాతో రెండుసార్లు పరీక్షించి, టైటర్ నాలుగు రెట్లు పెరిగిందేమో చూడమంటాయి వైద్య గ్రంథాలు. రెండోసారి రక్తం ఇచ్చేదెవరు?

ఇంకో వింత ఉంది. జ్వరం తగ్గి, అన్నం సయించి, పనిలోకి వెళ్తున్నవాళ్లు కూడా నెలనెలా వైడాల్ చేయించుకుని ‘టైఫాయిడ్ ఇంకా పోలేదట’ అని మందులు మింగుతుంటారు. యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయని ఎవరూ చెప్పరు.

1896లో పారిస్‌లో ఫెర్నాండ్ వైడాల్ ఈ పరీక్షను ప్రకటించినప్పుడు అది గొప్ప ముందడుగు. ఇప్పుడు దాని ఒక్కదాని మీదే వైద్యం నడిపించడం తప్పు. ఆ ధీమాలో డెంగీనో స్క్రబ్ టైఫసో దాటిపోవచ్చు, అక్కర్లేని యాంటీబయాటిక్‌లకు క్రిములు మొండికేయడమూ నిజమే.

టైఫాయిడ్ అనుమానం బలంగా ఉంటే బ్లడ్ కల్చర్ సంగతి డాక్టరును అడగండి. అది అన్ని కేసులనూ పట్టలేదు గానీ, దొరికితే క్రిమినే చూపిస్తుంది, ఏ మందుకు లొంగుతుందో చెబుతుంది. యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే రక్తం ఇవ్వాలి.