1956 మన ఇంటి సంవత్సరం కూడా

ఆడి పద్దెనిమిది వచ్చిందంటే మన శివకాశిలో వచ్చే ఏడాది క్యాలెండర్ల ఆల్బమ్‌లు బయటికొస్తాయి. దేశానికంతా తేదీలు అచ్చేసిచ్చే ఊరు మనది. మన కుటుంబ చరిత్రల్లో మాత్రం తేదీలుండవు. విజయనగరం అంటాం, నాయకరాజులంటాం, ఇంటిపేర్లు వరసగా చెప్తాం. అక్కణ్ణించి ఒక్క దూకు దూకి పెళ్లి ఫోటోల్లో పడతాం. మధ్యలో ఎంత వదిలేశామో 1956 ఒక్కటి చూసినా తెలుస్తుంది.

ఆ ఏడు జూలై 27న విరుదునగర్‌లో శంకరలింగనార్ నిరాహారదీక్షకు కూర్చున్నారు. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలన్నది ఆయన ముఖ్యమైన కోరిక. అప్పటి ముఖ్యమంత్రి కామరాజర్‌దీ విరుదునగరే. అక్టోబరు 13న శంకరలింగనార్ కన్నుమూశారు. ఆయన అడిగిన పేరు 1969 జనవరి 14న అమల్లోకి వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు మద్రాసులో 58 రోజులు పస్తుండి ప్రాణం విడిచిన పొట్టి శ్రీరాములుగారు మన పెద్దలందరికీ తెలుసు. పాతిక కిలోమీటర్ల దూరంలో పస్తున్న మనిషి సంగతి మన ఇళ్లల్లో ఎవరూ ఎత్తరు. అది వాళ్ల గొడవ అనుకున్నాం. తప్పు మనదే.

నవంబరు 1న రాష్ట్రాల గీతలు మారాయి. మాలో కన్నడ మీడియంలో చదివినవాళ్లకి ఆ రోజంటే రాజ్యోత్సవం, ఎర్రపసుపు జెండా. ఆంధ్రాలోని చుట్టాలకి రాష్ట్ర అవతరణ. మనవాళ్లు ఉన్నచోటే ఉన్నారు. 1953లో ఆంధ్ర విడిపోయాక, 1956లో మిగతా భాగాలూ సర్దుకున్నాక, కాగితాల మీద భాషా అల్పసంఖ్యాకులుగా మిగిలారు.

ఆ నెల 23న మద్రాసు నుంచి వస్తున్న తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్ అరియలూరు దగ్గర ఏట్లో పడిపోయింది. 140 మందికి పైగా పోయారు. అంతకుముందు సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర జరిగిన ప్రమాదానికే రాజీనామా ఇవ్వబోయిన రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి, ఈసారి నిజంగానే దిగిపోయారు. విరుదునగర్, కోవిల్‌పట్టి మీదుగా పోయే బండి అది. మా అవ్వకి అప్పుడు పన్నెండేళ్లు. "ఆ ఏడు రైలు రాలేదురా, ఊరంతా స్టేషన్లోనే ఉన్నారు" అని ఒకసారంది. ఏ రైలవ్వా అని మేం అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అవ్వ లేదు.

అదే ఏడు కోవిల్‌పట్టి పక్కనున్న ఎట్టయపురంలో కామరాజర్ బడిపిల్లల మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. ఆ అన్నం తిన్న తెలుగుపిల్లలు ఎందరో, వాళ్లలో కొందరు ఇప్పటికీ మన మధ్యే ఉన్నారు.

"ఇవన్నీ తవ్వితే మనం బయటివాళ్లమని మళ్లీ గుర్తుచేసినట్టే కదా" అని కొందరు పెద్దలంటారు. మాకలా అనిపించదు. ఈ ఊరి కష్టంలో, పండగలో మనవాళ్లు ఎక్కడ నిలబడ్డారో చెప్పలేకపోతేనే మనం బయటివాళ్లం. నాయకరాజుల కథ ఎక్కడికీ పోదు, పుస్తకాల్లో ఉంటుంది. అవ్వ చూసిన స్టేషను ఏ పుస్తకంలోనూ లేదు.

1956లో పదేళ్లున్నవాళ్లకి ఇప్పుడు ఎనభై దాటుతోంది. ఈ పొంగలికి ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డింగు పెట్టి ఒక్క మాట అడగండి: "ఆ ఏడు మీరెక్కడున్నారు?" తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలోనే రాసి పంపండి. ముందు మాట దక్కాలి, లిపి తర్వాత నేర్చుకుందాం.